కరకట్టకు గాజు నాడి

బాలలూ! దుగ్గిరాలకు తూర్పున ఉన్న కృష్ణ కరకట్టను చూశారా? 2009 అక్టోబరు వరదలో దిగువన ఓలేరు వద్ద ఆ కట్టకే గండిపడి పల్లెలు మునిగాయి. గండ్లు అనేకసార్లు కట్టలోపలి సన్నని ఊటతో మొదలవుతాయి. అది పైకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

ఆ ఊటను ముందే పట్టగల సాధనం ఉంది. అదే వెంట్రుకంత గాజుతీగ, ఆప్టికల్ ఫైబర్. ఒక కొసనుంచి లేజర్ వెలుగును రెప్పపాటుకన్నా తక్కువ కాలం పంపితే, దారి పొడవునా రవ్వంత వెలుగు వెనక్కు చెదురుతుంది. అందులో రంగు మారి వచ్చే భాగం తీగ వేడినిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. ఇది రామన్ ఫలితమే! విశాఖలో బాల్యం గడిపిన సి.వి.రామన్ 1928లో కనుగొన్నది. మరి వేడి మారింది ఎక్కడ? వెలుగు తిరిగి రావడానికి పట్టిన కాలమే చెబుతుంది. కిలోమీటరు దూరం పోయి రావడానికి సెకనులో లక్షో వంతు చాలు. ఊటనీరు చేరినచోట మట్టి వేడి మారుతుంది కనుక అక్కడ తీగ మనకు కబురందిస్తుంది. కట్ట కుంగి తీగ సాగితే, బ్రిల్వాన్ పరిక్షేపణం అనే మరో చెదురు ఆ సంగతి తెలుపుతుంది.

జర్మనీ, స్వీడన్‌లలో 1990ల నుంచే ఆనకట్టల్లో ఇలాంటి తీగలు వేశారు. మనమెందుకు వేయకూడదు? ఖర్చంటారా? కట్టంతా ఒకేసారి అక్కరలేదు. పాత గండ్లచోట, కట్టను బలపరిచేందుకు ఎటూ మట్టి తవ్వేటప్పుడే వేస్తే సరి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మళ్లీ రాదని ఎవరనగలరు?

అయితే ఒక్కమాట. తీగ గండి పూడ్చదు సుమా! చీకట్లో కట్టవెంట తిరిగే లస్కరుకు అది ఎటు పోవాలో చెబుతుంది, అంతే. ఇసుకబస్తా వేయవలసింది మనిషే.