ఋతువు లేని ఆట



తెలుగు పండితుడికి బాస్కెట్‌బాల్‌తో ఏమి పని అని మీరు అడగవచ్చు. నాకు ఆ ఆట ఆడటం రాదు. బంతిని నేలకు కొడుతూ పది అడుగులు నడవమంటే నడవలేను. కాని చూడటం ఇష్టం. ఉద్యోగంలో ఉన్ననాళ్ళు బడిపిల్లలను పోటీలకు తీసుకువెళ్ళే పని తరచు నామీద పడేది. పీడీగారు ఒక జట్టుతో వెళితే రెండవ జట్టుకు తెలుగు మాస్టారే దిక్కు. అలా అబ్బిన ఇష్టమిది. విజయవాడ వెళ్ళినప్పుడు ఏదైనా కళాశాల కోర్టులో సాయంకాలం ఆట సాగుతూ కనబడితే ఇప్పటికీ గోడవారగా నిలబడిపోతాను.

అలా చూడగా చూడగా నాకొక సందేహం కలిగింది. మన కళాశాలల కుర్రవాళ్ళు ఏడాది పొడుగునా సాధన చేస్తారు. సరే, ఆడేది ఎప్పుడు?

ఆటల వార్తలలో 'సీజన్' అనే మాట తరచు వినబడుతుంది. మామిడిపళ్ళకూ పెళ్ళిళ్ళకూ ఉన్నట్లే ఆటలకూ ఒక సీజన్. దానికి మన మాట ఋతువు. 'ఋ' ధాతువుకు గమనమని అర్థం. గమించేది కనుక ఋతువు. అయితే అది పోయి ఊరకుండదు, తిరిగి వస్తుంది. మా డెల్టా రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. సార్వా తుపానులో మునిగితే గుండె దిటవు చేసుకుని దాళ్వా మీద ఆశ పెట్టుకుంటాడు. ఆ తిరిగి రావడమనేది లేకపోతే అది ఋతువు కాదు, ఒక సంఘటన మాత్రమే. మన కళాశాలల బాస్కెట్‌బాల్ జట్లకు ఉన్నది సంఘటనే కాని ఋతువు కాదని నా అభియోగం.

మా ప్రాంతంలో ఒక జట్టు ఏడాది ఎలా గడుస్తుందో చెబుతాను. కొత్త పిల్లలు చేరగానే పీడీగారు పొడగరులను ఏరుకుంటారు. తెల్లవారుజామున సాధన మొదలవుతుంది. కొన్ని నెలలకు విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీ ప్రకటిస్తుంది. ఒక కళాశాల ఆతిథ్యమిస్తుంది. సాధారణంగా మొదట నాకౌట్ పద్ధతి, చివరకు మిగిలిన నాలుగు జట్లకు మాత్రం లీగ్. కొద్ది రోజులలో అంతా ముగిసిపోతుంది. అక్కడ కంటబడినవారిలోనుంచి విశ్వవిద్యాలయ జట్టును ఎంచుతారు. ఆ జట్టు దక్షిణ మండల పోటీలకు వెళుతుంది. అక్కడ రాణిస్తే అఖిల భారత పోటీలకు. వాటిని నడిపించేది 1925లో అంతర విశ్వవిద్యాలయ మండలిగా పుట్టిన భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. పైకి వెళ్ళే నిచ్చెన బాగానే ఉన్నది. నా బాధ కింది మెట్టు గురించి.

చిన్న లెక్క వేద్దాం. పదహారు జట్లు వచ్చాయనుకోండి. తొలి రోజు 8 ఆటలు జరుగుతాయి. సాయంత్రానికి 8 జట్లు సంచులు సర్దుకుంటాయి. అంటే వచ్చినవారిలో సగం మందికి ఆ ఏడాదికంతా కలిపి ఒకే ఆట. ఆట 40 నిమిషాలు. జట్టులో 12 మంది, కోర్టులో అయిదుగురు. నలభైని అయిదుతో హెచ్చిస్తే 200 నిమిషాలు. పన్నెండుగురికి పంచితే తలకు 17 నిమిషాలు కూడా రావు. ఆరు నెలల వేకువజాముల ఫలం ఇది! మన వ్యాకరణంలో లాఘవానికి గౌరవమున్న మాట నిజమే కాని, ఇంత లాఘవం పనికిరాదు.

పాతికేళ్ళ కిందటి మాట ఒకటి జ్ఞాపకం వస్తున్నది. నా దగ్గర పదవ తరగతి చదివిన కౌలురైతు కొడుకొకడు విజయవాడలో డిగ్రీ చేరాడు. సన్నగా, తాటిచెట్టులా ఉండేవాడు. ఛందస్సులో గణాలు తప్పినా బంతి విసిరితే గురి తప్పేవాడు కాదు. మూడవ ఏట వాళ్ళ జట్టు ఆడే పోటీకి నన్ను పిలిస్తే వెళ్ళాను. మొదటి ఆటే. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నారు. వీడికి రెండు ఫ్రీత్రోలు వచ్చాయి. మొదటిది అంచుకు తగిలి బయటకు పోయింది. రెండవది అంచు మీద ఒక చుట్టు తిరిగి, మనసు మార్చుకున్నట్లు ఇవతలకు రాలింది. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. మధ్యాహ్నం భోజనం వేళకు వాడి కళాశాల ఆట జీవితం ముగిసింది.

తరువాత చాలాకాలానికి ఉయ్యూరులో వాడి ఎరువుల దుకాణంలో కూర్చుని కాఫీ తాగుతున్నప్పుడు తనే ఆ మాట తెచ్చాడు. "ఓడిపోయినందుకు కాదు మాస్టారూ. మర్నాటి నుంచి రోజూ వంద ఫ్రీత్రోలు వేశానండి. ఏం లాభం? మళ్ళీ వేసి చూపించే ఆట రాలేదు కదండీ."

ఉపాధ్యాయుడిగా ఆ మాట నాకు గుచ్చుకున్నది. డిక్టేషన్‌లో 'విద్యార్థి' తప్పు రాసిన పిల్లవాడికి మనం ఏమి చేస్తాం? పదిసార్లు రాయించి వచ్చే వారం మళ్ళీ అడుగుతాం. ఆ వచ్చే వారంలోనే విద్య ఉన్నది. తప్పుకు దిద్దుబాటు, దిద్దుబాటుకు మళ్ళీ పరీక్ష. ఈ మూడవది లేనప్పుడు వంద ఫ్రీత్రోలు వేసినా పిల్లవాడికి మిగిలేది వెలితే. ఓటమిని దిగమింగి శనివారం నాటికి మళ్ళీ లేచి నిలబడటం ఆట నేర్పే పెద్ద పాఠమని అందరం ఉపన్యాసాలలో చెబుతాం. ఆ శనివారాన్ని మాత్రం పిల్లలకు ఇవ్వము.

ఈ ఆట పుట్టుకే ఋతువుకు సంబంధించినదని తెలిసినప్పుడు నాకు ముచ్చట వేసింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డులో, వై.ఎం.సి.ఎ. శిక్షణ కళాశాలలో జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడికి ఒక చిక్కు వచ్చింది. శరత్తులో విద్యార్థులకు ఫుట్‌బాల్ ఉన్నది, వసంతంలో బేస్‌బాల్ ఉన్నది. నడుమ మంచు కురిసే నెలలలో చేయడానికేమీ లేదు. ఆయన పీచుపండ్ల బుట్టలు రెండు బాల్కనీకి బిగించి, 13 నియమాలు రాసి, తరగతిలోని 18 మందిని తొమ్మండుగురు చొప్పున రెండు జట్లు చేశాడు. ఖాళీగా పోతున్న ఒక ఋతువును నింపడానికి పుట్టిన ఆట ఇది. ఆ వై.ఎం.సి.ఎ. వారి హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వ్యాయామ విద్యా కళాశాల స్థాపించాడు. దక్షిణదేశపు డ్రిల్లు మాస్టర్లు ఎందరికో అది గురుకులం. మన కృష్ణా జిల్లా అప్పటికి మద్రాసు రాజధానిలోనిదే కదా.

అమెరికాలో ఉన్న మిత్రులు అక్కడి మార్చి నెల కోలాహలం గురించి చెబుతూ ఉంటారు. అదీ నాకౌటే, ఓడితే ఇంటికే. 1939లో 8 జట్లతో మొదలై, 2011లో 68 జట్లకు పెరిగింది. కాని దానికి ముందు నవంబరు నుంచి ఒక్కొక్క కళాశాల సుమారు 30 ఆటలు ఆడి ఉంటుంది. ఓడిన జట్టుతోనే నెల తిరక్కుండా మళ్ళీ తలపడి ఉంటుంది. నాకౌట్‌ను నేను నిందించడం లేదు. అది విందు చివర వడ్డించే మిఠాయి. మనం అన్నం పెట్టకుండా మిఠాయి ఒక్కటి పెట్టి విస్తరి ఎత్తేస్తున్నాం. అక్కడి సంతను ఇక్కడికి తెమ్మనటం కూడా నా ఉద్దేశం కాదు. 2021 నుంచి అక్కడి విద్యార్థి ఆటగాళ్ళు తమ పేరునూ రూపాన్నీ ప్రకటనలకు అమ్ముకోవచ్చు. ఆ డబ్బు వారికే ఉండనీయండి. మనకు కావలసినది వారి ఆటల పట్టిక మాత్రమే.

మన దగ్గర మరొక చిక్కు ఉన్నది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టింది బెజవాడలోనే. 1930లో వాల్తేరుకు తరలింది. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు కృష్ణకు ఇరువైపులా ఉన్న కళాశాలలు ఒక గొడుగు కిందకు వచ్చాయి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది. పరిపాలనకు అది మంచిదే. ఆటకు మాత్రం నది అడ్డమైంది. విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్ల దూరం. అయినా రెండు ఊళ్ళ డిగ్రీ కళాశాలలు ఇప్పుడు ఒకే అంతర కళాశాలల పోటీలో కలుసుకోవు. ఇంజనీరింగు కళాశాలలు అనేకం కాకినాడ జె.ఎన్.టి.యు. కిందకు వెళ్ళాయి. డీమ్డ్ విశ్వవిద్యాలయాల పోటీలు వేరు. పక్కపక్క వీధులలో ఉన్న రెండు కళాశాలల కుర్రవాళ్ళు ఒకే టీకొట్టు దగ్గర కలుసుకుంటారు, కోర్టులో కలుసుకోరు.

కనుక నా ప్రతిపాదన ఇది. ఏ విశ్వవిద్యాలయం కిందిదన్న పట్టింపు లేకుండా కృష్ణకు అటూ ఇటూ ఉన్న ఎనిమిది కళాశాలలు ముందుకు రావాలి. విజయవాడలో 1937 నాటి ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. ప్రభుత్వ కళాశాల ఉన్నది, 1953లో స్థాపితమైన ఆంధ్ర లయోలా ఉన్నది. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కళాశాల ఉన్నది. బందరు, గుంటూరు, తెనాలి కళాశాలలకూ తక్కువ చరిత్ర లేదు. ఎనిమిది జట్లు ఒకరితో ఒకరు ఇంటా బయటా ఆడితే ఒక్కొక్కరికి 14 ఆటలు. నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా 15 వారాలు. సంక్రాంతికి ఒక వారం వదిలితే సరిగ్గా పద్నాలుగు. వారానికి ఒక శనివారం సాయంత్రం చాలు.

ఆక్షేపణలు నాకు తెలియనివి కావు. మొదటిది చదువు. సెమిస్టరు పరీక్షలు మధ్యలో అడ్డు వస్తాయి, నిజమే. అప్పుడు ఒక్క చుట్టే ఆడండి, ఏడు ఆటలు. ఒకటికి ఏడు రెట్లు. రెండవది డబ్బు. ఇప్పుడు ఆతిథ్యమిచ్చే కళాశాల అన్ని జట్లకూ ఒకేసారి వసతి, భోజనాలు చూడవలసి వస్తున్నది. శనివారం ఆటకు ఒక జట్టు ప్రయాణం ఖర్చు, ఇద్దరు రిఫరీల భత్యం, సాయంత్రానికి ఇడ్లీ, టీ. బందరు, గుడివాడ, బెజవాడ ఒకే రైలు దారి మీద ఉన్నాయి. తెనాలి నుంచి అటు గుంటూరుకూ ఇటు విజయవాడకూ రైళ్ళున్నాయి. రాత్రికి ఎవరి ఇంటికి వారు చేరవచ్చు. మూడవది మా ఎండ. అందుకే చలికాలం అన్నాను. తుపానులు వస్తే ఒక వారం వాయిదా వేసుకుందాం. డెల్టావాళ్ళకు అది కొత్త కాదు.

దీనివల్ల ఎంపికలోనూ న్యాయం జరుగుతుంది. తొలి ఆటలోనే ఓడిన జట్టులో మంచి ఆటగాడుంటే అతనిని ఎంపిక సంఘం చూసేది ఆ నలభై నిమిషాలే. ఆ రోజు జ్వరంగా ఉంటే అంతే సంగతులు. పద్నాలుగు ఆటలు చూస్తే ఎవరి సత్తా ఎంతో దాగదు. ఊళ్ళోవాళ్ళకూ చూడటానికి ఒక ఆట ఉంటుంది. ఈ శనివారం గుడివాడ గెలిచింది, వచ్చే నెల మన ఊళ్ళో చూద్దాం అనే పంతం లేకపోతే ప్రేక్షకుడు ఎందుకు వస్తాడు? పురుషుల జట్ల గురించి చెప్పినదంతా ఆడపిల్లల జట్లకూ వర్తిస్తుంది. అక్కడ జట్లు తక్కువ కనుక అవసరం మరింత ఎక్కువ.

మొన్న ఉయ్యూరు వెళ్ళాను. మా శిష్యుడి కొడుకు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. తండ్రి కంటె జానెడు పొడుగు. వాడి కళాశాల ఒక పెద్ద భవనంలో అయిదు అంతస్తులు, ఆటస్థలం లేదు. తండ్రి దుకాణం వెనుక గోడకు ఇనుప చట్రం ఒకటి బిగించాడు. సెలవు రోజులలో ఇద్దరూ పదిహేను అడుగుల దూరం నుంచి బంతి వేస్తున్నారు. వచ్చే ఏడాది వాడు విజయవాడలో డిగ్రీ చేరతాడట. వాడికైనా రెండవ శనివారం ఉంటుందా అని నా ఆరాటం.

మీలో కళాశాల జట్లలో ఆడినవారుంటే, ఆ మూడు నాలుగేళ్ళలో మొత్తం ఎన్ని ఆటలు ఆడారో గుర్తు తెచ్చుకుని రాయండి. చేతి వేళ్ళు చాలకపోయినవారు ఒక్కరైనా ఉంటే నా వాదాన్ని సంతోషంగా సవరించుకుంటాను.

స్వస్తి.