పొగడ్తయా, రక్షణయా?

2015 నుండి ఏటేట ఆగస్టు 7వ తేదీన జాతీయ చేనేత దినోత్సవము జరుగుచున్నది. ఆనాడు నేతగానిని కళాకారుడని కొనియాడని వేదిక లేదు. కాని పొగడ్త కడుపు నింపదు. 1985 నాటి చట్టము క్రింద చేమగ్గమునకే ప్రత్యేకించిన వస్త్రములు మొదట 22 రకములు. 1996లో అవి 11కు తగ్గినవి. చీర, ధోవతి, శాలువ ఆ జాబితాలో మిగిలినవి. ఐనను వాని మరమగ్గపు అనుకరణలు బజారు నిండ ఉన్నవి.

కాలము మారినది, చేమగ్గము ఓడినదనువారు ఒక్క ప్రశ్నకు బదులు చెప్పవలెను: ఓడినదాని పేరు గెలిచినదానికేల? పోచంపల్లి ఇక్కత్ నమూనాను బట్టపై అచ్చొత్తి చేనేతయని అమ్ముటయేల? ఇది పోటీ కాదు, చౌర్యము. భార్య కండెలు చుట్టగా, భర్త నాడె ఆడింపగా దినములు పట్టిన పనితనము గంటలలో అపహృతమగుచున్నది.

చట్టమును అమలుపరుపని పెద్దలు, సభలో నేతగానికి కప్పు శాలువ ఏ మగ్గముపై నేసినదో ముందు విచారింతురు గాక!