ఆపద ధరకు ముందే కట్టుబాటు కావాలి
హనుమకొండ జిల్లా కలెక్టర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

కరోనా కాలం ముచ్చట ఇప్పుడెందుకని మీకు అనిపించవచ్చు. అప్పట్లో ఈ జిల్లా పేరు వరంగల్ అర్బన్. 2021 ఆగస్టులో హనుమకొండ అయింది. ఆనాటి అధికారులు బదిలీల మీద వెళ్లిపోయారు, ఆనాటి ఉత్తర్వుల గడువూ తీరిపోయింది. కానీ జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు అధ్యక్షులు మీరే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించాలి. ఈసారి సవరణలో ఒక అధ్యాయం కలపమని అడగడానికే ఈ లేఖ. ఆపద వేళ నిత్యావసరాల ధర, కొలత, అమ్మకపు వేళలు ఎలా ఉండాలో చెప్పే అధ్యాయం అది.

ముందుగా కిరాణం దుకాణాల సంగతి. వాళ్ల మీద నింద వేసి మొదలుపెడితే అన్యాయమవుతుంది. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. వడ్డేపల్లిలోనైనా కిషన్‌పురలోనైనా సుబేదారిలోనైనా కాజీపేటలోనైనా గడప దాటిన మనిషికి తెరిచి కనిపించింది వీధి చివరి కిరాణమే. రేషన్ కార్డున్న వాళ్లకు ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. మంచిదే. పప్పు, నూనె, సబ్బు, చాయపత్తి మాత్రం దుకాణం నుంచే రావాలి. మన ఊరు చదువుల ఊరు, ప్రైవేటు బడుల మీద బతికే కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. జీతాలు ఆగిన ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని సర్కారు ప్రకటించేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది. ఆ ఏడాది పొడుగునా చాలా ఇళ్లను నిలబెట్టింది కిరాణం ఖాతా పుస్తకం. ఏ సూపర్‌మార్కెటూ ఉద్దెర ఇవ్వలేదు.

అదే వీధుల్లో ఇంకొకటీ జరిగింది. నేను సామాను తెచ్చుకునే ఒక దుకాణంలో నూనె ప్యాకెట్ మీద ముద్రించిన ధరకు పైన కొంత అడిగేవారు. బిల్లు అడిగితే “ఈ టైంల బిల్లేంది సారూ” అని నవ్వేవారు. ప్యాకెట్‌కైతే ఎమ్మార్పీ ఉంది. విడిగా తూచి ఇచ్చే కందిపప్పుకు, మిరప్పొడికి, ఉల్లిగడ్డకు అదీ లేదు, నోటితో చెప్పిందే ధర. “మాకే ఎక్కువకు పడుతుంది” అన్న జవాబులో కొంత నిజముంది. లారీలు కదల్లేదు, హమాలీలు దొరకలేదు. మన దేశం వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటుంది కాబట్టి, ప్రపంచ మార్కెట్లో పామాయిల్ రేటు ఎగబాకిన 2021లో ఇక్కడ నూనెల ధర పదేళ్లలో చూడని ఎత్తుకు చేరింది. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. సరుకు నిజంగా ఎక్కువకు వచ్చి ధర పెంచినవాడెవడో, సందు చూసుకుని పెంచినవాడెవడో తేల్చుకునే ఆధారం కొనేవాడి చేతిలో లేదు. నిజాయతీగా వ్యాపారం చేసిన దుకాణదారుకు కూడా తన నిజాయతీని చూపించుకునే దారి లేకపోయింది.

అప్పుడు ప్రభుత్వం చేతిలో ఉన్న ఆయుధం బెదిరింపు. ధరలు పెంచితే పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టం పెడతామని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ హెచ్చరించారు. హెచ్చరిక పత్రికల్లో వచ్చిన వారం దాకా పనిచేస్తుంది. ఆ తర్వాత జిల్లాకు ఉన్న కొద్దిమంది తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్లు ఎన్ని గల్లీలు తిరుగుతారు? ఒకరిద్దరి మీద కేసు పెడితే మిగతావాళ్లు ధర తగ్గించరు, ధర చెప్పే గొంతు తగ్గిస్తారు.

ఇంకో మాట. ఆ ధరలను పెంచడంలో మన ఉత్తర్వుల వాటా కూడా ఉంది. 2021 మే 12 నుంచి రాష్ట్రంలో ఉదయం 6 నుంచి 10 వరకే లాక్‌డౌన్ సడలింపు. రోజంతా నిదానంగా సాగే కొనుగోలును నాలుగు గంటల్లోకి కుక్కితే ఏమవుతుంది? తొమ్మిదిన్నరకు దుకాణం ముందు నిలబడ్డ మనిషికి పక్క దుకాణంలో రేటు కనుక్కునే వ్యవధి ఉండదు, ఇంటికి చేరేలోపు పోలీసు లాఠీ ఎదురవుతుందేమోనన్న భయం ఉంటుంది. అడిగినంత ఇచ్చి సంచీ పట్టుకుని పోతాడు. మే 31 నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం 5 దాకా వేళలు పెంచారు, 20న లాక్‌డౌన్ ఎత్తేశారు. వేళలు పెరిగేకొద్దీ గుంపు పలచబడింది, గుంపు పలచబడేకొద్దీ మన జనానికి బేరమాడే ధైర్యం తిరిగొచ్చింది. దుకాణాల వేళలు నిర్ణయించే అధికారి తనకు తెలియకుండానే ధరను కూడా నిర్ణయిస్తున్నారు. గుంపులో రోగం అంటుకునే ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పెట్రోలు బంకుకు వద్దాం. ఇక్కడ కథ తిరగబడుతుంది. కిరాణంలో ధర కదిలినందుకు గొడవైతే, బంకులో ధర కదలకపోవడమే అసలు సంగతి. 2017 జూన్ నుంచి పెట్రోలు ధర రోజూ మారాలి. 2020 మార్చి మధ్య నుంచి జూన్ 6 దాకా 82 రోజులు చమురు కంపెనీలు దాన్ని మార్చలేదు. ఆ కాలంలో ప్రపంచంలో చమురు కొనే నాథుడు లేడు. ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర సున్నాకు కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పడింది. మనం కొనే ముడిచమురు బుట్ట సగటు ఆ నెలలో పీపాకు ఇరవై డాలర్ల దగ్గరికి దిగింది. ధర తగ్గిన ఆ లాభం మన బండి ట్యాంకులోకి రాలేదు. మార్చి 14న లీటరుకు 3 రూపాయలు, మే 5 రాత్రి పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు కేంద్రం సుంకం పెంచింది. బోర్డు మీద అంకె మారలేదు కాబట్టి బండి ఆపినవాడికి అది కనబడలేదు.

ఇండియన్ ఆయిల్ కంపెనీ ప్రకటించిన ఢిల్లీ లెక్క చూడండి. 2020 మే 6న లీటరు పెట్రోలు డీలరుకు పడిన ధర 18 రూపాయల 28 పైసలు. కేంద్ర సుంకం 32.98, డీలరు కమీషన్ 3.56, రాష్ట్ర వ్యాట్ 16.44. మొత్తం 71.26. అంటే వందలో అరవై తొమ్మిది పన్ను. జూన్ 7 నుంచి మళ్లీ రోజువారీ మార్పు మొదలై, నెలాఖరుకల్లా అక్కడ పెట్రోలు 9.17, డీజిల్ 11.14 రూపాయలు పెరిగాయి. మరుసటి ఏడాది జూన్‌లో హైదరాబాద్‌లో పెట్రోలు వంద దాటింది. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు తమ వంతు తగ్గించాయి, మన రాష్ట్రం పెట్రోలుపై 35.2 శాతం, డీజిల్‌పై 27 శాతం వ్యాట్‌ను అలాగే ఉంచింది.

పన్నును దోపిడీ అనను. ఖజానాలు ఎండిపోయి, ఆసుపత్రులకు డబ్బు కావలసిన రోజులవి. ఆ వాదనలో బలముంది. నా ఫిర్యాదు వేరు. ఉల్లిగడ్డ మీద రెండు రూపాయలు ఎందుకు వేశావని దుకాణదారును నిలదీసే ప్రభుత్వం, తాను లీటరు మీద వేసిన పదమూడు రూపాయలను కొనేవాడి కళ్లముందు పెట్టలేదు. సుంకం మీ చేతిలో లేదని తెలుసు. కానీ ఆ కోపమంతా ఎవరి మీద పడిందో తెలుసా? మాస్కు కట్టుకుని ఎండలో గన్ను పట్టుకున్న బంకు కుర్రాడి మీద. 2020 ఏప్రిల్‌లో దేశంలో పెట్రోలు అమ్మకం అంతకు ముందటేడు కంటే సుమారు అరవై శాతం పడిపోయింది. అయినా అత్యవసర సేవ కింద బంకులు తెరిచే ఉన్నాయి. ఆ బంకు యజమానికి అప్పట్లో లీటరు పెట్రోలు మీద దక్కింది మూడు, నాలుగు రూపాయల మధ్య అని జనానికి తెలియదు.

బంకుల్లో అసలు మోసం ధర దగ్గర కాదు, కొలత దగ్గర జరిగింది. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు, తూనికలు కొలతల శాఖ కలిసి రెండు తెలుగు రాష్ట్రాల్లోని పలు బంకుల్లో యంత్రాలకు అమర్చిన చిప్‌లను పట్టుకున్నారు. తెర మీద వెయ్యి మిల్లీలీటర్లు చూపిస్తుంది, ట్యాంకులో పడేది 970. ధర పైసాతో సహా సరిగ్గా ఉండి, వందకు మూడు రూపాయలు మాయం. దీనికి మందు పాతదే. ప్రతి బంకులో అయిదు లీటర్ల కొలపాత్ర ఉండాలి, ఎవరడిగినా కొలిచి చూపించాలి. ఫిల్టర్ పేపర్ పరీక్ష అడగవచ్చు. కానీ వెనకాల పది బండ్లు హారన్ కొడుతుంటే ఎవరడుగుతారు?

మన ఉత్తర్వులు ఆపద కంటే వెనక నడిచాయని కూడా గుర్తుచేస్తాను. మూడు పొరల మాస్కుకు 10 రూపాయలు, 200 మిల్లీలీటర్ల శానిటైజర్‌కు 100 రూపాయలు మించరాదని కేంద్రం 2020 మార్చి 21న చెప్పింది. అప్పటికే మందుల షాపుల్లో అవి దొరకడం కష్టమైంది. రెండో అల 2021 మే నెలలో ఊళ్లను ముంచెత్తింది, మే 21న నాటి ముఖ్యమంత్రే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చి రోగులను పలకరించారు. ఆక్సీమీటర్ల వంటి వాటి మీద లాభానికి 70 శాతం హద్దు అమల్లోకి వచ్చింది మాత్రం జులై 20న. ఇల్లు కాలాక బావి తవ్వడమంటే ఇదే.

మన ఊరి పిల్లలు వేలమంది ఉంటున్న అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రానికి ఒక చట్టముంది. అత్యవసర పరిస్థితి ప్రకటించగానే ఆహారం, ఇంధనం, మందుల వంటివాటిని ముందరి ధర కంటే పది శాతం మించి అమ్మకూడదు. తనకు సరుకు ఎక్కువకు పడిందని వ్యాపారి రుజువు చేసుకోగలిగితే ఆ మేరకు మినహాయింపు. అక్కడ మోసాలు లేవని కాదు. హద్దు ఎక్కడుందో అమ్మేవాడికీ కొనేవాడికీ ముందే తెలుసు, అంతే. మనకు కావలసింది కూడా అదే.

అందుకే ప్రణాళికలో ఈ అంశాలు చేర్చండి.

ఒకటి, మామూలు రోజుల్లోనే ఇరవై నిత్యావసరాల చిల్లర, టోకు ధరలను వారం వారం నమోదు చేసి ప్రకటించాలి. ఆపద ప్రకటించిన రోజు, ఆ చివరి జాబితాయే కొలబద్ద అవుతుంది. మన నగరం రెండు జిల్లాలకు పంచి ఉంది. హనుమకొండ దుకాణానికి సరుకు చాలావరకు వరంగల్ టోకు బజారు నుంచే వస్తుంది. కాబట్టి ఈ పని వరంగల్ కలెక్టర్ గారితో, మున్సిపల్ కార్పొరేషన్‌తో కలిసి 66 డివిజన్లకూ ఒకే తీరున చేయాలి.

రెండు, విడి సరుకుకు ధర పలక, అడిగినవారికి చేతిరాత బిల్లు. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఉద్దెర ఖాతాలో కూడా సరుకు రేటు రాయాలి.

మూడు, దుకాణదారుకు రక్షణ. టోకు బిల్లు చూపించి ధర పెరుగుదలను వివరించగలిగిన వారి మీద కేసు ఉండకూడదు. ముందు ఆరా తీయాల్సింది టోకు గోదాములో.

నాలుగు, వేళలు కుదించే ఉత్తర్వు ఇచ్చే ముందు దాని వల్ల ధరలేమవుతాయో ఒక పేరా రాయాలి. కూరగాయలకు ఆర్ట్స్ కాలేజీ మైదానం, హయగ్రీవాచారి మైదానం వంటి చోట్లను ముందే గుర్తించి పెట్టాలి.

అయిదు, బంకుల్లో ధర బోర్డు పక్కన సరుకు ధర, కేంద్ర సుంకం, రాష్ట్ర వ్యాట్, డీలరు కమీషన్ విడివిడిగా చూపే బోర్డు పెట్టమని చమురు కంపెనీలకు రాయండి. వారానికోసారి, చెప్పిన వేళకు, జనం ముందే అయిదు లీటర్ల కొలత జరగాలి. 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు ఆందోళనకు దిగినప్పుడు రాష్ట్రంలో బంకుల ముందు క్యూలు కట్టిన తీరు చూశాం. అంబులెన్సులకు, నీళ్ల ట్యాంకర్లకు ప్రతి బంకు ఎంత నిల్వ అట్టిపెట్టాలో ఆ రోజు కాక ఇవాళే తేల్చాలి.

మళ్లీ మహమ్మారి వస్తుందా అంటారా? మహమ్మారే రానక్కరలేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వానలకు నయీంనగర్ వైపు కాలనీలు నీట మునిగాయి. పాల ప్యాకెట్, నీళ్ల క్యాన్, కొవ్వొత్తి ధరలకు హద్దు అవసరమయ్యేది అలాంటి రోజుల్లోనే.

ఈ లేఖ ప్రతిని వచ్చే సోమవారం ప్రజావాణిలో అర్జీగా ఇస్తాను. అర్జీ ఏ శాఖకు పంపారో రసీదు మీద రాస్తారు. దయచేసి దీన్ని తూనికలు కొలతల శాఖ ఒక్కదానికే పంపి ముగించకండి. పౌరసరఫరాలు, మార్కెటింగ్, వైద్య ఆరోగ్యం, పోలీసు, మున్సిపల్ శాఖలను, కిరాణం వర్తకులను, బంకు డీలర్లను, ఆ కాలమంతా సంచీ పట్టుకుని వరుసలో నిలబడ్డ ఆడవాళ్లను ఒక్క బల్ల చుట్టూ కూర్చోబెట్టండి. ఆ సమావేశం తేదీ రసీదు మీద రాయించండి.

ఇట్లు,
వడ్డేపల్లి ప్రాంత వినియోగదారుడు,
హనుమకొండ