ఇగ్వానా ఉడుము కాదు

మేట్టుపాళయం తెలుగిళ్లలో ఇగ్వానా పిల్లను చూపిస్తే ‘ఉడుమా?’ అంటారు. పక్కింటి తమిళుల నోటా అదే మాట, ‘ఉడుంబు’. పేరుదేముందిలే అనుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. ఉడుము మన అడవిలోది, మాంసం తింటుంది, దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికాలది, ఆకులు మేసే జీవి. ఉడుమనుకుని పెంచితే పాపం దాని ప్రాణానికే ముప్పు.

ఎదిగే పిల్ల కదా, బలం కావాలని గుడ్డో, కీమానో పెడతారు. పాత పుస్తకాల్లో కొన్ని కూడా ఈ సలహానే ఇచ్చేవి. అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఇంకొందరు చవగ్గా దొరుకుతుందని రోజూ పాలకూర వేస్తారు. అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనీయవు. దానికి కావలసిన మేత మన దొడ్లోనే ఉంది. మార్కెట్లో ‘మురుంగై కీరై’ అని కట్టలు కట్టి అమ్మేది మన మునగాకే. కాల్షియం మెండు. మల్బరీ ఆకు, మందార ఆకులు, పూలు, తురిమిన గుమ్మడికాయ కలిపి సన్నగా తరిగి పొద్దున్నే పెడితే చాలు. పురుగుమందు కొట్టిన ఆకు మాత్రం వద్దు.

మేత సరిపోయినా ఎండ లేకపోతే లాభం లేదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే ఆ కాల్షియం ఎముకలకు పడుతుంది. అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. కిటికీ పక్కన అద్దాల తొట్టిలో పెట్టి ‘ఎండ తగులుతోంది కదా’ అనుకునేవాళ్లే ఎక్కువ. కొన్నాళ్లకు దవడ వాస్తుంది, కాళ్లు వంగుతాయి. వేసవిలో అదే తొట్టి ఎండలో ఉంటే నిమిషాల్లో ఉడికిపోతుంది. జాలీ గూడులో, సగం నీడ ఉంచి, పొద్దుటి ఎండ చూపించాలి. లోపల ఉంచితే యూవీబీ దీపం తప్పదు. వెచ్చగా పడుకునే చోట 32 నుంచి 35 డిగ్రీలు ఉండాలి. నీలగిరి చలిగాలి దిగే మార్గళి రాత్రుల్లో గూటికి వేడి ఏర్పాటూ కావాలి. చెట్లెక్కే ప్రాణి కాబట్టి గూడు ఎత్తుగా ఉండాలి, ఎక్కడానికి కొమ్మలుండాలి. ముట్టుకున్న పిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి, సాల్మొనెల్లా భయం ఉంది.

ఇదంతా మూడు నెలల ముచ్చట కాదు. కొన్ననాడు జానెడు ఉండే పిల్ల తోకతో కలిపి ఐదారడుగులవుతుంది, బాగా చూసుకుంటే పదిహేనేళ్లు బతుకుతుంది. రెండు గదుల అద్దె ఇంట్లో ఆరడుగుల గూడు ఎక్కడ పెడతారు? అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కాగితాల మాటా ఎత్తరు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం ఇగ్వానా చేతికొచ్చిన ముప్పై రోజుల్లోగా ‘పరివేష్’ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. చచ్చిపోయినా తెలియజేయాలి.

పెంచలేక విసిగి భవానీ ఒడ్డున వదిలేద్దాం అనుకోవడం మరీ తప్పు. ఫ్లోరిడాలో ఇలా వదిలేసినవీ, తప్పించుకున్నవీ పెరిగి తోటలను మేసేస్తున్నాయి, కాలవగట్లను తవ్వేస్తున్నాయి. ఇక్కడ ఊరి వెనకే నీలగిరి అడవి. సాకలేనివాళ్లు అటవీ శాఖవారికి చెప్పాలి. కొనబోయేవాళ్లు డబ్బు తీసే ముందే కాగితాలు అడగాలి. అవి చూపించని దుకాణంలో కొననే కూడదు.