హైదరాబాద్ నుంచి చికాగో ఎంత దూరం?

మ్యాపు ప్రకారం హైదరాబాద్‌కూ చికాగోకూ మధ్య దూరం 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. భూమి గుండ్రంగా ఉండటంతో దగ్గరి దారి పడమటికి పోదు. దాదాపు నిటారుగా ఉత్తరానికి సాగి, మధ్య ఆసియా, రష్యా దాటి, ఆర్కిటిక్ మీదుగా కెనడాలోకి దిగుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగమనుకుంటే పదిహేను గంటల లోపు ప్రయాణం. 2021 జనవరిలో ఎయిరిండియా శంషాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. అది నిలవలేదు. నేడు మనవాళ్లు ఢిల్లీలోనో దుబాయ్‌లోనో దోహాలోనో దిగి విమానం మారాల్సిందే.

నిజానికి ప్రయాణ సమయాన్ని కిలోమీటర్లొక్కటే తేల్చవు. 2016లో ఎయిరిండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపు మళ్లించింది. దారి దాదాపు 1,400 కిలోమీటర్లు పెరిగింది, ప్రయాణం మాత్రం సుమారు రెండు గంటలు తగ్గింది. విమానాలు ఎగిరే ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలులు వెనక నుంచి తోయడమే కారణం.

గాలి కలిసొచ్చినా రాజకీయం కలిసిరావాలి కదా. తన నేల మీది ఆకాశంపై పూర్తి హక్కు ఆయా దేశానిదేనని 1944లో కుదిరిన ఒప్పందం చెబుతోంది. అది కుదిరింది కూడా చికాగోలోనే. కశ్మీర్‌లోని పహల్గాంలో జరిగిన ఉగ్రదాడి తర్వాత భారత్ తీసుకున్న చర్యలకు ప్రతిగా 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ మన విమానాలకు గగనతలం మూసేసింది. వారం తిరక్కుండా మనమూ మూశాం. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టు తిరగాల్సి వచ్చింది. కొన్ని ఇంధనం కోసం వియన్నాలో ఆగాయి. చుట్టుదారికి అదనపు ఇంధనం, ఆ ఇంధనం బరువును మోయడానికి మరికొంత ఇంధనం. 2025 సెప్టెంబరులో ఎయిరిండియా ఢిల్లీ–వాషింగ్టన్ సర్వీసు ఆగిపోయింది. విమానాల కొరతతో పాటు ఈ మూసివేతనూ సంస్థ కారణంగా చెప్పింది.

కూతురి పురుటికి బయల్దేరిన అరవై అయిదేళ్ల తల్లికి ఈ లెక్కలతో పనిలేదు. భాష రాని విమానాశ్రయంలో, వీల్‌ఛైర్ తోసే మనిషి ఒక గేటు దగ్గర వదిలి వెళ్లాక, తన విమానం పక్క టెర్మినల్‌కు మారిందని బోర్డు చూసి ఆమె తెలుసుకోవాలి. చేతిసంచిలో బీపీ మాత్రలు, ఫోన్‌లో నెట్ లేదు. నేరుగా వెళ్లే విమానం విలాసమనేవారు ఆమె పక్కన ఒక్కసారి కూర్చోవాలి.

ఇన్నాళ్లూ దూరప్రాంత విమానాలు ఎక్కువగా ఢిల్లీకే కేటాయించడానికి వినిపించే వాదనల్లో అది అమెరికాకు దగ్గరన్నది ఒకటి. పాకిస్థాన్ మీదుగా పోయే ఉత్తరపు దారి తెరిచి ఉన్నంతవరకే ఆ మాటకు బలం. అరేబియా సముద్రం మీదుగా పోవాల్సి వస్తే హైదరాబాద్‌కూ ఢిల్లీకీ మధ్య ఆ తేడా చాలావరకు చెరిగిపోతుంది. ప్రయాణికులకు కొదవా అంటే, అమెరికా వెళ్లే తెలుగువారి సంఖ్య ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎయిరిండియా 2023లో ఆర్డరిచ్చిన ఎ350–1000 విమానాలు ఇంతటి దూరాల కోసం చేసినవే. అవి వచ్చేకొద్దీ ఏ ఊరికి ఎన్ని అన్నది తేల్చేటప్పుడు పాత లెక్కను పక్కనబెట్టి శంషాబాద్ పేరు మళ్లీ పరిశీలించాలి. కేంద్రంలో పౌర విమానయాన శాఖ తెలుగు మంత్రి రామ్మోహన్ నాయుడి చేతిలోనే ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కలిసి ఆయన ముందూ, ఎయిరిండియా ముందూ ఈ డిమాండ్ పెట్టాలి.