పాత కాగితాన్ని ముట్టుకునే చేతులకు పని నేర్పించండి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ విద్యాశాఖ మంత్రివర్యుల సముఖానికి

ప్రతులు: పౌర గ్రంథాలయ శాఖ సంచాలకులకు, రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులకు, జిల్లా గ్రంథాలయ సంస్థలకు, జిల్లా కలెక్టర్లకు

విషయం: గ్రంథాలయాల్లో, రికార్డు గదుల్లో పనిచేసే సిబ్బందికి కాగిత సంరక్షణలో ప్రాథమిక శిక్షణ, అందుకు కావలసిన వసతులు కోరుతూ వినతి.



మేము జిల్లా కేంద్ర, శాఖా గ్రంథాలయాల్లో పుస్తకాలు అందించేవాళ్లం. రెవెన్యూ, మున్సిపల్ రికార్డు గదుల్లో కట్టలు విప్పి కట్టేవాళ్లం. వాటికి బైండింగు చేసేవాళ్లం, వాటి కోసం ఊళ్లు దాటి వచ్చే పాఠకులం. మేమంతా కలిసి అడుగుతున్నది ఒక్కటే. పాత కాగితం రోజూ ఎవరి చేతుల్లో నలుగుతుందో వాళ్లకు దాన్ని బతికించే పని నేర్పించండి. అందులోనూ ముందుగా, ఏ పని చేయకూడదో నేర్పించండి.

తమరికి తెలియని విషయం కాదు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. చందాలు వేసుకుని, ఇంటింటా పుస్తకాలు అడిగి తెచ్చి మన పెద్దలు ఊరూరా బీరువాలు నింపారు. 1902లో బందరులో మొదలైన కృష్ణాపత్రిక, 1914లో మద్రాసులో దినపత్రికగా మారిన ఆంధ్రపత్రిక, 1924 నుంచి వచ్చిన భారతి సంచికలు ఈనాటికీ దొరుకుతున్నాయంటే అది వాళ్లు, వాళ్ల తర్వాత ఆ గదుల తాళాలు దగ్గర పెట్టుకున్నవాళ్లు చేసిన పుణ్యమే. ఆ కాగితం ఇప్పుడు వయసు మీరింది. దాన్ని ఎలా పట్టుకోవాలో, ఎలా అతకాలో మాలో చాలామందికి ఎవరూ నేర్పలేదు.

కాగితం ఎందుకు విరుగుతుందో తెలిస్తే తప్ప మా కోరికల తీవ్రత అర్థం కాదు కనుక అది కొంచెం వివరంగా చెప్పుకుంటాం. పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా కాగితం ఎక్కువగా గుడ్డపేలికల గుజ్జుతో తయారయ్యేది. తర్వాత కొయ్యగుజ్జు వచ్చింది. చౌకరకం కొయ్యగుజ్జులో లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. వెలుతురు, గాలి తగిలిన కొద్దీ అది కాగితాన్ని పచ్చబరిచి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించిన పటిక, రోజిన్ కూడా అదే చేస్తాయి. ఆ ఆమ్లం కాగితానికి బలమిచ్చే సెల్యులోజ్ గొలుసులను లోపలే తెంచుతుంది. మన కోస్తా వేడి, ఉక్కపోత ఆ పనిని వేగిరం చేస్తాయి. అందుకే పేలికల గుజ్జుతో చేసిన రెండు వందల ఏళ్లనాటి కాగితం నేటికీ వంగుతుంది, 1940లలో యుద్ధకాలపు కాగితంపై అచ్చయిన నవల మూల మడిస్తే విరిగి చేతిలోకి వస్తుంది. దినపత్రిక కాగితమైతే ఒక్కరోజు చదువు కోసమే తయారైంది, దాన్ని నూరేళ్లు నిలపమని మనం అడుగుతున్నాం.

చేతిరాత రికార్డులది ఇంకో బాధ. కరక్కాయ, అన్నభేది కలిపి చేసిన సిరాలో ఇనుము ఉంటుంది. కాలం గడిచేకొద్దీ ఆ సిరా అక్షరం ఉన్నచోటే కాగితాన్ని తినేసి చిల్లులు చేస్తుంది. దానిమీద తడిచెయ్యి పడితే ఇనుము, ఆమ్లం చుట్టూ పాకి చెడ్డ అక్షరం పక్కన మంచి కాగితాన్నీ చెడగొడతాయి. ఒక రైతు తన తాతల నాటి భూమి కోసం రీసెటిల్‌మెంటు రిజిస్టరు నకలు అడిగినప్పుడు, సరిగ్గా ఆ సర్వే నంబరు ఉన్న మూలే రాలిపోయి ఉంటే అతనికి ఎవరం ఏం సమాధానం చెప్పగలం?

చెద, బొద్దింక, సిల్వర్ ఫిష్, పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తొలిచే పెంకుపురుగు చేసే నష్టం అందరికీ కనిపిస్తుంది. మంచి మనసుతో చేసే మరమ్మతు వల్ల జరిగే నష్టం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. చిరిగిన పేజీకి సెల్లోటేపు వేస్తారు. కొన్నేళ్లకు దాని ప్లాస్టిక్ పట్టీ ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరకగా శాశ్వతంగా నిలిచిపోతుంది. వదులైన వెన్నుకు తెల్లజిగురు దట్టంగా పూస్తారు. అది ఎండాక నీళ్లకు కరగదు, పుస్తకం తెరిచిన ప్రతిసారీ పెళుసు పేజీ ఆ జిగురు అంచు దగ్గరే విరుగుతుంది. పురుగు పట్టదని బైండింగు మైదాలో మైలుతుత్తం కలుపుతారు. అందులోని రాగి కాగితం పాడయ్యే వేగాన్ని పెంచుతుందన్న మాట ఆ జిగురు ఉడికించేవారి దాకా చేరలేదు. బైండింగు తర్వాత అంచులు చక్కగా ఉండాలని కటింగు మిషన్‌లో పెడితే, పాత పాఠకుడు అంచున రాసుకున్న వ్యాఖ్య, ఒక్కోసారి అచ్చు వరసే తెగిపోతుంది. విలువైన కాగితమని జిరాక్సు దుకాణంలో వేడి లామినేషన్ చేయిస్తే దాన్నిక ఎవరూ ఊడదీయలేరు. ఈ పనులన్నీ పుస్తకం మీది ప్రేమతో జరిగేవే. ఆ ప్రేమకు పనితనం తోడు చేయమనే ఈ వినతి.

సంరక్షణలో మొదటి సూత్రం, ఈ రోజు చేసిన పనిని రేపు ఇంకొకరు కాగితానికి దెబ్బ తగలకుండా విప్పగలగాలి. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో యంత్రం అవసరం లేకుండా సెల్యులోజ్ అసిటేట్ పొరను అసిటోన్‌తో అతికించే చేతి లామినేషన్ పద్ధతి రూపుదిద్దుకుంది, అది మన దేశం పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. దాన్ని తిరిగి తీయడం కష్టమని ఇప్పుడు సంరక్షకులు ఆ పద్ధతి జోలికి వెళ్లడానికి వెనకాడుతున్నారు. అంత అనుభవం ఉన్నచోటనే పద్ధతులు మారుతున్నప్పుడు, ఒకసారి నేర్పి వదిలేస్తే సరిపోదన్నది స్పష్టం. మూడేళ్లకోసారైనా పునశ్చరణ ఉండాలని అందుకే కోరుతున్నాం.

ఇక శిక్షణ సంగతి. నేషనల్ ఆర్కైవ్స్ వారి పాఠశాలలో రికార్డుల మరమ్మతు మీద స్వల్పకాలిక కోర్సులున్నాయి. లక్నోలో జాతీయ సంరక్షణ పరిశోధనాశాల ఉంది, మైసూరులో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. నాయకరాజుల కాలపు తెలుగు రాతప్రతులు దాచిన తంజావూరు సరస్వతీ మహల్‌లో సంరక్షణ విభాగం ఉంది. ఇవన్నీ మంచివే. కానీ పదో తరగతి చదివిన అటెండరు, పొరుగుసేవల కింద చేరిన రికార్డు సహాయకురాలు ఇల్లు వదిలి వారాల తరబడి అక్కడ ఉండి, ఇంగ్లీషులోనో హిందీలోనో వినే పాఠం ఎంత అందుకోగలరు? పుస్తకం దుమ్ము దులిపేది, కట్ట విప్పేది వాళ్లే కదా. అందుచేత ప్రతి పూర్వపు జిల్లా నుంచి చెయ్యి తిరిగిన ఇద్దరిని ప్రభుత్వ ఖర్చుతో ఆ సంస్థలకు పంపండి. వాళ్లు తిరిగివచ్చి ఇక్కడ తెలుగులో నేర్పుతారు. ఒక్కో జట్టులో పన్నెండు మందికి మించకుండా, కనీసం పదిహేను పనిదినాలు, అందులో ఎక్కువ భాగం బల్ల దగ్గరే గడిచేలా శిక్షణ ఉండాలి. అటెండర్లు, పొరుగుసేవల సిబ్బంది, మేం పని అప్పగించే బైండర్లు అందరూ దానికి అర్హులే కావాలి. గ్రంథాలయ శాస్త్ర పట్టా చదివేవారికి కూడా ఈ చేతిపని పరీక్షలో భాగమైతే బాగుంటుందని విశ్వవిద్యాలయాలకు రాయవలసిందిగా మనవి.

ప్రాథమిక శిక్షణ అంటే ప్రయోగశాల పనులు అడుగుతున్నామని అనుకోవద్దు. మెత్తని కుంచెతో లోపలి నుంచి బయటికి దుమ్ము తీయడం. తడి తగిలించే ముందు సిరా చెదురుతుందో లేదో ఒక మూల చిన్న నీటిచుక్క వేసి, అద్దుడు కాగితంతో అద్ది చూసుకోవడం. ఒక పాలు గోధుమ పిండిపదార్థానికి నాలుగైదు పాళ్ల నీళ్లు పోసి, ఉండ కట్టకుండా ఉడికించి, వడకట్టి పల్చని జిగురు చేయడం. జపాన్ టిష్యూ కాగితాన్ని కత్తెరతో కాకుండా తడిగీత గీసి చేత్తో చింపి, దాని పీచు అంచుతో చిరుగు అతకడం. ముడుచుకుపోయిన కాగితాన్ని నిదానంగా తేమ పట్టించి, అద్దుడు కాగితాల మధ్య బరువు కింద చదును చేయడం. అతకడానికి కూడా ఓర్వలేనంత పెళుసైనదాన్ని ముట్టుకోకుండా ఆమ్లం లేని అట్టతో దాని కొలతకు పెట్టె చేసి అందులో ఉంచడం. మా దృష్టిలో ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. మన గ్రంథాలయాల్లో సగం పుస్తకాలకు మరమ్మతు కన్నా మంచి పెట్టె ఎక్కువ మేలు చేస్తుంది. సున్నపుతేటతో ఆమ్లాన్ని తగ్గించే పద్ధతి ఉన్నమాట నిజమే అయినా, సిరాలు చెదిరే ప్రమాదం ఉన్నందున దాన్ని నిపుణుల కోసం విడిగా ఉంచాలి. ఏ పని తన వల్ల కాదో గుర్తించి ఆగిపోవడం కూడా శిక్షణలో నేర్పాలి.

నేర్చుకున్నవాళ్లు తిరిగి వచ్చాక కూర్చునేందుకు చోటు కావాలి. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో వెలుతురు, నీళ్లు ఉన్న ఒక గది, పెద్ద బల్ల, చేతిప్రెస్సు, పైన చెప్పిన సామగ్రి ఇప్పించండి. జపాన్ టిష్యూ, ఆమ్లం లేని అట్ట లాంటివి జిల్లాకు ఇంత అని విడివిడిగా కొంటే నాసిరకం వస్తుంది, రాష్ట్రమంతటికీ ఒకేచోట పరీక్షించి కొని పంపండి. ఏసీ గదులు అడగడం లేదు. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపడం, అడుగు అర నేలకు ఆరంగుళాల ఎత్తున ఉంచడం, వానాకాలంలో తేమ కొలిచే చిన్న పరికరం పెట్టుకోవడం చాలు. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు పడుతుందని తెలిసినవాడు ఏ రోజు కిటికీ తెరవాలో, ఏ రోజు మూయాలో తానే చూసుకుంటాడు.

ఈలోగా కాగితం మీద ఒక్క సంతకంతో అయ్యే పని ఒకటుంది. 1950కి ముందు అచ్చయిన పుస్తకాలు, అన్ని చేతిరాత రికార్డుల విషయంలో సెల్లోటేపు, వేడి లామినేషన్, అంచుల కోత, మైలుతుత్తం నిషేధిస్తూ వెంటనే ఉత్తర్వు ఇవ్వండి. బైండింగు టెండర్లలో తక్కువ రేటు ఒక్కటే చూడకుండా, ఫారాలను విడదీసి మడతల మీదుగా కుట్టాలని, పక్కకుట్టు వేయరాదని షరతు పెట్టండి. స్కానింగు ఒప్పందాల్లోనూ ఇదే జాగ్రత్త కావాలి. పని త్వరగా అవుతుందని పుస్తకం వెన్ను కోసి విడిపేజీలు చేసే పద్ధతిని ఒప్పుకోవద్దు. స్కానింగు వచ్చింది గనుక అసలు ప్రతి అక్కర్లేదనే మాట అధికారుల నోట వినవస్తోంది, అది మాకు చాలా ఆందోళన కలిగిస్తోంది. మసకగా, అరపేజీ తెగి వచ్చిన స్కాను ఎన్నోసార్లు మమ్మల్ని మళ్లీ ఆ పుస్తకం దగ్గరికే పంపింది.

వరదల గురించి చెప్పకుండా ఈ వినతి ముగించలేం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. తుపాన్లు మన తీరానికి కొత్త కావు. తడిసిన కాగితానికి మన వేడిలో రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. ఎండలో పరిస్తే కాగితం వంకరలు పోతుంది, నున్నని పూత కాగితమైతే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని అట్టలా మారుతుంది. ఆరబెట్టే వీలు లేనంత తడిసినవాటిని వెంటనే గడ్డకట్టిస్తే కుళ్లు ఆగి, తర్వాత తీరికగా కొన్ని కొన్ని ఆరబెట్టుకోవచ్చు. 1966లో ఫ్లోరెన్సు వరదలో అక్కడి జాతీయ గ్రంథాలయం మునిగాక తడిసిన పుస్తకాలను కాపాడే విద్యకు ప్రపంచమంతటా ఊపు వచ్చింది. మనకు అనుకూలమైన సంగతి ఒకటుంది. కోస్తా పొడుగునా రొయ్యలను శుద్ధి చేసి ఎగుమతి చేసే ప్లాంట్లలో మైనస్ 18 డిగ్రీలు, అంతకన్నా చల్లని గదులున్నాయి. వరద వచ్చాక ఫోన్లు చేసుకోవడం కాకుండా, తీర జిల్లాల కలెక్టర్లు ముందే ఒక్కో ప్లాంటుతో ఒప్పందం చేసుకుని, ఏ పుస్తకాలు ముందు ఎత్తాలో జాబితా రాసి ఉంచాలని కోరుతున్నాం. పురుగు పట్టిన పుస్తకాలను కూడా గట్టి సంచుల్లో మూసి అలాంటి చల్లని గదిలో మైనస్ 20 దగ్గర వారం ఉంచితే మందు చల్లే పని ఉండదు.

మందు అంటే గుర్తొచ్చింది, మా ఆరోగ్యం. పాత అలమరల్లో ఒకప్పుడు చల్లిన గమాక్సిన్, డీడీటీ పొడి నేటికీ పుస్తకాల మడతల్లో ఉండవచ్చు. బూజు దుమ్ము పీల్చి ఆయాసం తెచ్చుకున్నవాళ్లు మాలో ఉన్నారు. మాస్కులు, చేతి తొడుగులు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పరీక్ష ఇప్పించడం శిక్షణలో భాగంగానే చూడాలి.

డబ్బు ఎక్కడిది అని అడుగుతారని తెలుసు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ప్రజలు ఇప్పటికే కడుతున్నారు. స్థానిక సంస్థల నుంచి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ కావలసిన బకాయిలు వసూలు చేసి, ఏటా వచ్చే మొత్తంలో కొంత శాతాన్ని సంరక్షణకే విడిగా కేటాయిస్తే ఈ పనులు నడుస్తాయి. వేటపాలెం లాంటి చోట్ల ప్రజలే నడుపుకుంటున్న పాత గ్రంథాలయాల సిబ్బందికి కూడా ఈ శిక్షణ, సామగ్రి ఉచితంగా అందాలి, వాళ్ల దగ్గరున్నది కూడా మనందరిదే.

ఈ ఏడాది గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న మొదలయ్యేలోగా మొదటి జట్టు శిక్షణ తేదీలు ప్రకటించాలని, నిషేధ ఉత్తర్వును అంతకన్నా ముందే ఇవ్వాలని ప్రార్థిస్తున్నాం. తమరు సమయం ఇస్తే మాలో కొందరం వచ్చి, టేపు మరకలు పడిన పేజీలు, అంచులు తెగిన సంపుటాలు, సరిగ్గా అతికిన ప్రతులు బల్ల మీద పక్కపక్కన పెట్టి చూపిస్తాం.

ఇట్లు,
తమ విధేయులు,
పౌర గ్రంథాలయాల సిబ్బంది, రికార్డు గదుల సహాయకులు, బైండర్లు, పాఠకులు