మబ్బుకి అద్దె ఎన్నాళ్ళు కడదాం?

కాయితం లేకపోతే ఈ దేశంలో మనం మనమేనని ఎవడూ ఒప్పుకోడు. కులం సర్టిఫికెట్టు, పట్టా, రేషన్ కార్డు, పిల్లాడి టీసీ, ఒక్కొక్కటీ ఎన్నిసార్లు ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కితే వచ్చిందో మనకి తెలుసు. ఆ కాయితాలన్నీ ఇవాళ ట్రంకుపెట్టెలోంచి ఫోనులోకి వచ్చాయి. ఆ ఫోను ఇప్పుడు జాగా నిండిపోయింది, డబ్బు కట్టు అంటోంది.

ఫిషింగ్ హార్బరులో ఎండుచేపలు అమ్మే తల్లులు బడికొచ్చి అడుగుతున్నారు. "మేస్టారూ, ఫోన్లో నిండిపోనాదంట, నెలకి నూట ముప్పై కట్టమంతంది. కట్టకపోతే మా గుంటడి సర్టిఫికెట్లు పోతాయేటి?"

ఇది బజారులో సరుకు బేరం కాదు. మన రుజువు ఎవడి దగ్గర ఉండాలన్న ప్రశ్న.

ముందు ఆ నిండటం సంగతి చూద్దాం. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 దాకా ఫొటోలు ఎన్ని పెట్టినా లెక్క లేదు. అందరికీ అలవాటు చేసి, ఆ రోజు నుంచి లెక్క మొదలెట్టారు. 2024 నుంచి వాట్సాప్ బ్యాకప్ కూడా ఆ 15 జీబీలోనే పడుతోంది. అంటే మీ జాగా నింపింది గుంటడి సర్టిఫికెట్టు కాదమ్మా, గుడ్ మార్నింగ్ వీడియోలు. ఒక కుటుంబం కాయితాలన్నీ స్కాన్ చేసినా 100 ఎంబీ దాటవు. వాట్సాప్ సెట్టింగుల్లో వీడియోలు బ్యాకప్ చెయ్యొద్దని ఒక్క మీట తీసేస్తే చాలామందికి ఈ 130 రూపాయల గొడవే ఉండదు. ఈ మాట కంపెనీ చెప్పదు. ఎందుకు చెబుతుంది?

కట్టకపోతే వెంటనే ఏమీ పోదు. కొత్తవి ఎక్కవు, మెయిల్ రాదు. అలాగే రెండేళ్లు పరిమితి దాటి ఉంటే తుడిచేసే హక్కు వాళ్లు రాసుకున్నారు. రెండేళ్లు అసలు తెరవని ఖాతానీ తుడిచేయొచ్చు. వలసపోయిన కొడుకు ఖాతా, చనిపోయిన తండ్రి ఖాతా ఏమవుతాయో ఆలోచించండి.

ఇక డిస్కు. ఒక టీబీ డిస్కు అయిదు వేలకి అటూ ఇటూ. ఒకసారి కొంటే అయిపోయిందనుకుంటారు. కాదు. లోపల తిరిగే పళ్లెం చెయ్యి జారితే చచ్చిపోతుంది. నాలుగైదేళ్లకి మార్చాలి. పెన్‌డ్రైవు ఏళ్ల తరబడి వాడకుండా మూల పడేస్తే అందులోది కారిపోతుంది. పైగా మనది ఉప్పుగాలి. బోటు ఇంజను బోల్టునే తినేసే గాలి దీన్ని వదులుతుందా?

హార్బరు మనకి రెండు పాఠాలు చెప్పింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్లు టవర్లు లేవు. మబ్బులో ఉన్నవాటికి ఏమీ కాలేదు, కాని అందుకోడానికి దారి లేదు. 2023 నవంబరు 19 రాత్రి ఇక్కడే అగ్గి పుట్టి సుమారు 40 బోట్లు తగలబడ్డాయి. బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం అంది. విలువ రుజువు చెయ్యాలంటే మళ్లీ కాయితమే. కాయితాలు బోటులోనే పెట్టుకున్నవాడికి బోటుతోపాటు అవీ బూడిదే. నిప్పుకి చేతిలోది పోతుంది, గాలికి మబ్బులోది అందదు. ఒక్కచోట దాచడమే ప్రమాదం, ఆ చోటు ఏదైనా సరే.

ఇంకొకటి ఉంది, దీన్ని ఎవరూ లెక్కలో వెయ్యరు. మబ్బు తాళం మన ఫోను నంబరు. చేపల వేట నిషేధం రోజుల్లో చేతిలో డబ్బాడక రీచార్జి మానేస్తే, మూడు నెలలు వాడని నంబరు తీసేసి ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా దగ్గర చదివిన ఒక పిల్ల ఇలాగే నంబరు పోయి, ఓటీపీ వేరేవాళ్లకి వెళ్తుంటే కాలేజీ సీటు రోజున తన మార్కుల లిస్టు తనే తెరవలేకపోయింది. 130 కట్టినా, రీచార్జి కట్టకపోతే అంతే. అద్దె మీద అద్దె.

మనిషికైతే సరే, సంఘానికో? 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్లని నరికారు. ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో, శిక్షలు కొట్టేసిన హైకోర్టు తీర్పు 2014 ఏప్రిల్‌లో. 23 ఏళ్లు. అన్నేళ్లూ కాయితం బతికుండాలి. అప్పటి ఫ్లాపీలు ఇవాళ ఏ మిషనులో పెడతారు? సీడీ పెట్టే జాగా కూడా కొత్త కంప్యూటర్లలో లేదు. మీటింగుల ఫొటోలు, సాక్షుల వీడియోలు, పాత సంచికలు కలిపితే మన సంఘానికి ఒక టీబీకి దగ్గరవుతుంది. రెండు టీబీల మబ్బుకి నెలకి 650. 23 ఏళ్లకి 1,79,400 రూపాయలు. ఒక్క నెల చందా వసూలు కాకపోతే పీకమీద కత్తి. రెండు డిస్కులు పదివేలు, అయిదేళ్లకోసారి మార్చినా 23 ఏళ్లకి యాభై వేలు. డిస్కు మనది, ఎవడినీ అడగక్కర్లేదు. మార్చాల్సిన రోజు మాత్రం మర్చిపోకూడదు.

మబ్బంటే ఆకాశంలో లేదు, ఎవడిదో కంప్యూటరు. ఆ కంప్యూటరు ఇప్పుడు మన ఊరికే వస్తోంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెడతానంది. సముద్రం అడుగు తీగలు మన ఒడ్డుకే వస్తాయట. భూమి ఎవరిది, నీళ్లు ఎవరివి, కరెంటు ఎంత అని అడిగితే అభివృద్ధి వ్యతిరేకులంటారు. అడుగుదాం. అది వేరే వ్యాసం.

నా మాట ఇది. కుటుంబాలు డబ్బు కట్టొద్దు. డిజీలాకరు ఉచితం. అందులో ప్రభుత్వ శాఖ నేరుగా ఇచ్చిన సర్టిఫికెట్టు చట్టప్రకారం అసలుతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించింది మాత్రం కాదు, ఈ తేడా పిల్లలకి చెప్పండి. ఆధార్‌కి కట్టిన నంబరు మాత్రం బతికించుకోవాలి. ఒక పెన్‌డ్రైవులో కాపీ, ఒక జెరాక్సు వేరే ఊళ్లో చుట్టాలింట్లో. సంఘానికి రెండు డిస్కులు, ఒకటి ఇక్కడ, ఒకటి అనకాపల్లిలో. ఉచిత 15 జీబీలో కేసుల కాయితాలు మాత్రం. ఆరు నెలలకోసారి ఇద్దరు కూర్చుని రెండూ తెరిచి చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల అయితే మంచిది, మగాళ్లు వాయిదా వేస్తారు.

డిస్కులకి పదివేలు కావాలి. చందా పుస్తకం నా దగ్గరే ఉంది, బడి అయ్యాక సాయంత్రం ఎప్పుడైనా రావచ్చు.